అసలు లిస్టు

1996లో నేను బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో ఒక మెయింటెనెన్స్ కాంట్రాక్టు కంపెనీలో ఈడీపీ ఇన్‌చార్జిగా పనిచేసేవాణ్ని. కంప్యూటర్ విభాగాన్ని అప్పట్లో ఈడీపీ అనేవారు. విభాగం అన్నానని పెద్దగా ఊహించుకోకండి. గ్యారేజీల మధ్య రేకుల కప్పు ఆఫీసు, అందులో ఏసీ ఉన్న ఒక గది, నాలుగు కంప్యూటర్లు, చెవులు చిల్లులు పడేలా మోగే ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, వాటి ముందు నేను. ఆఫీసు వెనకాలే లేబర్ క్యాంపు. పంపుహౌసులకూ పైపులైన్లకూ పనివాళ్లను పంపడం మా కంపెనీ వ్యాపారం. పొద్దున్నే కంపెనీ బస్సులు వాళ్లను ఎక్కించుకుని తలోదిక్కూ వెళ్లేవి.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. ఒక కంపెనీ తనకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను సొంత మనుషులతో రాయించుకోవాలా, బయటి కంపెనీకి అప్పగించాలా? మొదటిదాన్ని ఇన్‌హౌస్ అంటారు, రెండోదాన్ని ఔట్‌సోర్సింగ్ అంటారు. ఈ ప్రశ్నకు నేను మొదటిసారి జవాబు రాసింది సల్మాబాద్‌లోని ఆ గదిలోనే. రెండు పేజీల నోటు. అందులో రాసిన ప్రతి కారణమూ సరైనదే. అయినా ఆ నోటు గుర్తొస్తే సిగ్గుతో తల ఎత్తలేను. ఎందుకో చెబుతాను.

నేను చేరేనాటికే ఆఫీసులో ఒక ప్రోగ్రాం నడుస్తోంది. ఏ రోజు ఎవరు ఏ సైటుకు వెళ్లాలో డ్యూటీ లిస్టు వేసే ప్రోగ్రాం. దాన్ని ఫాక్స్‌ప్రో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినవాడు నర్సయ్య అనే టైంకీపర్. జగిత్యాల దగ్గరి మనిషి. పద్నాలుగేళ్ల కిందట హెల్పర్ వీసా మీద వచ్చి, గుంతలు తవ్వి, ఆ తర్వాత టైంకీపర్ అయ్యాడు. కంపెనీ మొదటి కంప్యూటరు కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన పుస్తకాలను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాడట. నాది కాకినాడ, ఎంసీఏ పట్టా. అతను నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. అతను నన్ను సార్ అనేవాడు, నేను అతన్ని నువ్వు అనేవాణ్ని. ఆఫీసులో అది ఎవరికీ వింతగా తోచలేదు.

చేరిన మొదటి వారంలోనే గమనించాను. శుక్రవారం డ్యూటీకి ప్రతి సైటుకూ రెండేసి లిస్టులు ప్రింటయ్యేవి.

"ఇదేంటి నర్సయ్యా, ఒక్క సైటుకు రెండు లిస్టులా?"

"గిది గేటుకు పోయేది సార్. గిది మన తాన ఉండేది. అసలు లిస్టు."

"తేడా ఏంటి?"

"గేటు లిస్టుల పాసు మీదున్న పేరుంటది. అసలు లిస్టుల లోపటికి పోయిన మనిషి ఉంటడు."

అప్పుడు తెలిసింది నాకు ఫోను శుక్రవారం సంగతి. అక్కడ వారపు సెలవు శుక్రవారం, అయినా కొందరికి డ్యూటీ పడేది. మా పనివాళ్ల ఊళ్లలో చాలావాటికి ఫోను లేదు. భార్య ముందుగా ఉత్తరం రాసేది, ఫలానా శుక్రవారం పదకొండింటికి మండల కేంద్రంలో ఎస్టీడీ బూత్ దగ్గర ఉంటానని. ఆ ఉత్తరం చేరేసరికి రెండు మూడు వారాలు. ఇక ఆ రోజు మార్చడానికి వీల్లేదు. ఆమె పిల్లల్ని తీసుకుని, బస్సెక్కి, బూత్ ముందు వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ ఈయన గుదైబియాలోని ఫోను బూత్ ముందు లైన్లో నిలబడాలి. సరిగ్గా ఆ శుక్రవారమే డ్యూటీ పడితే? ఇంకొకడు అతని గేటు పాసు పట్టుకుని అతని బదులు వెళ్లేవాడు. తర్వాత తన ఫోను శుక్రవారం వచ్చినప్పుడు ఆ బదులు తీర్చుకునేవాడు. కరీంనగరోళ్లని, గోదావరోళ్లని తేడా లేకుండా క్యాంపులో అందరూ చేసే పని అది. గేటు దగ్గర ఎవరూ ఫోటో పోల్చి చూసేవారు కాదు.

"ఇది రూలుకు విరుద్ధం కదా?" అన్నాను.

"విరుద్ధమే సార్. గని ఆపుతె ఆగేది గాదు. ఏమన్న అయితే లోపట ఎవలున్నరో మనకన్న ఎర్కుండాలె గద."

అందుకోసం అతను ప్రోగ్రాంలో 'బదులు' అని ఒక కాలమ్ పెట్టాడు. గురువారం సాయంత్రం పనివాళ్లు వరసగా వచ్చి, ఎవరి బదులు ఎవరు వెళ్తున్నారో అతని చెవిలో వేసి పోయేవారు.

మరుసటి ఏడాది మొదట్లో మా జనరల్ మేనేజర్ నన్ను పిలిచాడు. ఆయన బహ్రెయినీ, అందరూ అబూ యూసుఫ్ అనేవారు. కంపెనీ పెరుగుతోంది, ఈ ప్రోగ్రాంనే పెంచుకుందామా, బయటివాళ్లతో కొత్తది రాయించుకుందామా, రెండు పేజీల్లో నీ అభిప్రాయం రాసివ్వు అన్నాడు.

రాశాను. ప్రోగ్రాం మొత్తం ఒక్క మనిషి బుర్రలో ఉంది, అతను సెలవు మీద వెళ్తే అందులో వేలు పెట్టగలవాడు లేడు. దీన్ని మా రంగంలో కీ మ్యాన్ రిస్క్ అంటారు. ఏ భాగం ఏం చేస్తుందో కాగితం మీద లేదు, అంటే డాక్యుమెంటేషన్ లేదు. సైట్లు రెట్టింపైతే ఫాక్స్‌ప్రో తట్టుకోదు. కాబట్టి ఔట్‌సోర్స్ చేయడం మంచిది. ఇప్పటికీ అలాంటి కంపెనీ ఏదైనా అడిగితే ఇంచుమించు ఇదే రాస్తాను.

రాయనిది ఒకటుంది. ఆ నోటుకు కొద్ది రోజుల ముందు ఇంకో కంపెనీ వాళ్లు మా ఆఫీసు చూడటానికి వచ్చారు. ప్రోగ్రాం చూసి ముచ్చటపడి, ఎవరు రాశారని అడిగారు. అబూ యూసుఫ్ నర్సయ్య భుజం మీద చెయ్యి వేసి, "ఇతను. మా ప్రోగ్రామర్," అన్నాడు. నర్సయ్య ఖాకీ చొక్కాలో, ఆయిలు మరకల బూట్లతో నిలబడి నవ్వాడు. పక్కనే నేను టై కట్టుకుని ఉన్నాను. నా పేరు ఎవరూ అడగలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నోటు రాస్తున్నంతసేపూ ఆ మంట నా చేతిలోనే ఉంది. హెల్పర్ వీసా మీద వచ్చినవాడు రాసినదాన్ని నేను కాపలా కాయడమేమిటని లోపల ఒకటే గొణుగుడు.

పని మనామాలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్లింది. వాళ్ల అనలిస్టు శిరీష్ అనే బొంబాయి కుర్రాడు. ప్రోగ్రాం రాసేముందు, పని ఎలా జరుగుతుందో అడిగి రాసుకునేవాణ్ని అనలిస్టు అంటారు. ఆ రాసుకున్నదే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్. అందులో లేనిది ప్రోగ్రాంలో ఉండదు. శిరీష్ మంచి పనిమంతుడు. నాకన్నా చిన్నవాడే అయినా అతనితో మాట్లాడేటప్పుడు ఎంత మర్యాద ఒలకబోసేవాణ్నో! నర్సయ్యను కూడా కూర్చోబెట్టుకుందామా అని అతనే అడిగాడు. అవసరం లేదన్నాను.

అతని ప్రశ్నల్లో పద్నాలుగోది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మిస్టర్ మూర్తీ, ఒకరి డ్యూటీకి ఇంకొకరు వెళ్లడం ఉంటుందా?"

అతను అడగాల్సింది అడిగాడు. చెప్పాల్సినవాణ్ని నేను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఆ బొంబాయి కుర్రాడి ముందు, మావాళ్లు దొంగపాసుల మీద లోపలికి వెళ్తారని, ఎస్టీడీ బూత్ కోసం డ్యూటీలు మార్చుకుంటారని చెప్పడం నాకు నామోషీ అనిపించింది. ఆ సంగతి చెబితే నేనూ ఆ క్యాంపు మనిషిలాగే కనబడతాననిపించింది.

"ఉండదు," అన్నాను. అతను రాసుకున్నాడు.

కొత్త ప్రోగ్రాం వచ్చాక పాతదాన్నీ కొత్తదాన్నీ కొన్నాళ్లు పక్కపక్కనే నడిపి, ఫలితాలు పోల్చి చూస్తారు. దాన్ని పారలల్ రన్ అంటారు. రెండు వారాలకు పదకొండు తేడాలు వచ్చాయి. ఆ కాగితం నర్సయ్యే తెచ్చాడు.

"ఈ పదకొండు బదులుయి సార్. కొత్తదాంట్ల గా కాలమ్ లేదు."

"తెలుసు. కావాలనే పెట్టలేదు. ఇకమీదట బదులు ఉండదని నోటీసు పెడదాం."

"నోటీసు వెడ్తె ఉండకుంట పోతదా సార్? బూతు కాడ వాళ్ల ఆడోళ్లు వచ్చి కూసుంటరు గద." కాగితం నా ముందుకు జరిపి, "పోనీ, కాలమ్ వెట్టమని వాళ్లకు చెప్పుండ్రి. నేను చెప్తె వాళ్లు వినరు," అన్నాడు.

నేను పెన్ను తీసి, పదకొండు వరసల పక్కనా ఎన్.ఏ. అని రాశాను. నాట్ అప్లికబుల్, అంటే మనకు వర్తించదు అని. ప్రతిదాని పక్కనా పొట్టి సంతకం పెట్టి కాగితం అతని చేతికిచ్చాను. ఆ తర్వాతి నెలలో అతన్ని స్టోరుకు మార్చారు. చేతి తొడుగులూ బోల్టులూ ఇచ్చే పని. అక్కడ కంప్యూటరు లేదు. ఆ మార్పు కాగితం మీద సిఫార్సు నాదే.

జూలైలో ఒక శుక్రవారం. మర్నాడు కొత్త ప్రోగ్రాంకు సైన్ ఆఫ్, అంటే పని పూర్తయిందని మా తరఫున ఒప్పుకుంటూ సంతకం చేయడం. రిపోర్టులు తీసుకుంటూ నేను ఆఫీసులోనే ఉన్నాను. అవాలి దారిలోని ఒక పంపుహౌసులో మావాళ్లు పనిచేస్తున్నారు. మిట్టమధ్యాహ్నం అక్కడ ఒక వేడి పైపు జాయింటు ఊడి, ఆవిరి చిమ్మింది. సైరను మోగింది. మనుషులంతా బయటికి పరిగెత్తి గేటు దగ్గర చేరారు. ఇలాంటప్పుడు ఫోర్‌మన్ లిస్టు చూసి పేర్లు పిలుస్తాడు. అందరూ పలికితేనే లోపల ఎవరూ లేనట్టు. ఆ రోజు అతని చేతిలో ఉన్నది కొత్త ప్రోగ్రాం వేసిన లిస్టు, నేను ప్రింటు తీసిందే.

సైట్లతో మాట్లాడుకునే రేడియోలో ఫోర్‌మన్ జోసెఫ్ గొంతు వినబడింది. "సాబ్, ఏక్ ఆద్మీ కమ్ హై." ఒక మనిషి తక్కువయ్యాడు. ఎవరని అడిగాను. సత్తిబాబు అన్నాడు. సత్తిబాబు మా తూర్పు గోదావరి మనిషి. పైపులు బిగించేవాడు.

వెంటనే క్యాంపుకు ఫోను చేశాను. క్యాంపు చూసుకునే మనిషి వెళ్లి చూసి వచ్చి, "సత్తిబాబు ఇక్కడే ఉన్నాడు సార్, గుదైబియా నుంచి ఇప్పుడే వచ్చాడు, అన్నం తింటున్నాడు," అన్నాడు.

ఆ క్షణం గురించి చాలా ఏళ్లు నాకు నేను ఒక అబద్ధం చెప్పుకున్నాను, ఆ గాభరాలో బదులు సంగతి తట్టలేదని. తట్టింది. గుదైబియా అన్న మాట చెవిన పడగానే తట్టింది. ఫోను శుక్రవారం. అంటే ఇతని పాసు మీద ఇంకెవరో వెళ్లి ఉండాలి. ఆ మాట రేడియోలో చెబితే పద్నాలుగో ప్రశ్న బయటికి వస్తుంది, పదకొండు ఎన్.ఏ.లు బయటికి వస్తాయి, రేపటి సంతకం ఆగిపోతుంది. బహుశా డ్యూటీ ఎగ్గొట్టి ఉంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సత్తిబాబును ఫోను దగ్గరికి పిలిపించి ఒక్క ముక్క అడిగితే తేలిపోయేది. అడగలేదు.

"సత్తిబాబు క్యాంపులో ఉన్నాడు. డ్యూటీకి రాలేదు. ఖలాస్, లెక్క సరిపోయింది," అని రేడియోలో చెప్పాను.

"పక్కా, సాబ్?"

"పక్కా."

నలభై నిమిషాల తర్వాత తలుపు తోసుకుని నర్సయ్య వచ్చాడు, వెనకాల సత్తిబాబు. ఆఫీసు నుంచి తన కోసం ఫోను వచ్చిందని తెలిసి, బదులు సంగతి దొరికిపోయిందేమోనని సత్తిబాబు భయపడి గదిలో దాక్కున్నాడట. బస్సు డ్రైవరు వచ్చి సైటులో ఆవిరి చిమ్మిందని చెప్పాక నర్సయ్య దగ్గరికి పరిగెత్తాడు. నోటీసు పెట్టినప్పటి నుంచి బదులు సంగతి తోటివాళ్లకు కూడా చెప్పడం లేదట, జోసెఫ్‌కేమో ముఖాలు కాదు, లిస్టులో పేర్లే తెలుసు.

"సత్తిబాబు జాగల పోశెట్టి పోయిండు సార్. పోశెట్టి బయటికొచ్చిండా?" అన్నాడు నర్సయ్య. ఎండలో పరిగెత్తుకొచ్చాడేమో, రొప్పుతున్నాడు.

సత్తిబాబు ఏడుస్తున్నాడు. "మా పాపకి ఒంట్లో బాలేదని రాసిందండి మాయావిడ. ఫోనుకెళ్లకపోతే ఎలాగండి? పోశెట్టి నా పాసట్టుకెళ్లాడండి. నా బదులెళ్లాడండి బాబూ."

రేడియో తీసుకుని జోసెఫ్‌తో మాట్లాడింది నర్సయ్యే. వాళ్లు మళ్లీ లోపలికి వెళ్లారు. వాల్వు బిగించే గుంతలో, ఒక మూలకు ఒదిగి, స్పృహ లేకుండా పోశెట్టి దొరికాడు. కుడిచెయ్యి మోచేతి దాకా ఉడికిపోయి ఉంది. బయట ఎండ, లోపల ఆవిరి.

పోశెట్టి బతికాడు. ఆ మాట ముందే చెప్పాల్సింది. కానీ చెయ్యి మళ్లీ పిడికిలి పట్టలేదు, మాట నత్తనడక అయిపోయింది. ఆస్పత్రిలో డాక్టరు నాతోనే అన్నాడు, "కాలిన గాయం సంగతి సరే. అంతసేపు ఆ వేడిలో ఎలా వదిలేశారు?" అని. నేను మంచం పక్కన తలదించుకుని నిలబడ్డాను. పోశెట్టి నన్ను చూసి ఎడమచెయ్యి ఎత్తి దండం పెట్టబోయాడు. ఆఫీసు సార్ చూడటానికొచ్చాడని. ఆ ఎడమచెయ్యిని ఇప్పటికీ మరిచిపోలేను. రెండు నెలల తర్వాత అతన్ని ఇంటికి పంపేశారు. సత్తిబాబును పాసు ఇచ్చినందుకు అంతకుముందే పంపేశారు.

విచారణ అబూ యూసుఫ్ గదిలో జరిగింది. నేను, శిరీష్. శిరీష్ తన కాగితాలు తీసి పద్నాలుగో ప్రశ్న చదివాడు. కింద 'ఉండదు' అని నా జవాబు. అబూ యూసుఫ్ నా వైపు తిరిగాడు.

"పాత ప్రోగ్రాంలో ఇది ఉందా?"

"ఉందట, సార్. తర్వాత తెలిసింది."

"మరి నర్సయ్య నీకు చెప్పలేదా?"

నర్సయ్య ఆ గదిలో లేడు. అతన్ని పిలవలేదు. నేనన్నాను, "చెప్పలేదు, సార్. అందుకే నోటులో రాశాను, అంతా ఒక్క మనిషి బుర్రలో ఉంది, కాగితం మీద లేదని."

అబూ యూసుఫ్ నోటు తీయించి మళ్లీ చదివాడు. అవునని తలూపాడు. నా ముందుచూపును మెచ్చుకున్నాడు కూడా. దొంగపాసుల సంగతి తెలిసీ దాచినందుకు నర్సయ్య కాంట్రాక్టు పొడిగించకూడదని తీర్మానించారు.

వెళ్లిపోయే ముందురోజు నర్సయ్య నా గదికి వచ్చాడు. బాకీ సామాను ఏమీ లేదన్న కాగితం మీద నా సంతకం కావాలి. పెట్టాను. అప్పుడు చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. పారలల్ రన్ కాగితం. పదకొండు వరసలు, పదకొండు ఎన్.ఏ.లు, పదకొండు పొట్టి సంతకాలు.

"ఇది మీ ఫైలుది సార్. స్టోరుల ఉంటె ఎవలన్న చూస్తరు," అన్నాడు.

అబూ యూసుఫ్ గది పదడుగుల దూరంలో ఉంది. అతను ఆ కాగితం తీసుకెళ్లి చూపించి ఉండొచ్చు. ఎందుకు చూపించలేదో నేను అడగలేదు. నా మీద దయతోనో, నన్ను చూసి రోతపుట్టో, ఇప్పటికీ తేల్చుకోలేను. కనీసం కూర్చో అని కూడా అనలేకపోయాను. అతను తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

ఆ పని నాకు నేర్పింది చిన్నదే. ఇన్‌హౌస్ అయినా ఔట్‌సోర్సింగ్ అయినా, పని చేసే మనిషికీ ప్రోగ్రాం రాసే మనిషికీ మధ్య ఒకడు కూర్చుంటాడు. మా కంపెనీలో అటు నర్సయ్య నిజం చెప్పాడు, ఇటు శిరీష్ సరైన ప్రశ్న అడిగాడు. మధ్యలో కూర్చున్నది నేను. ఇప్పుడు హైదరాబాద్‌లో కంపెనీలకు ఇలాంటి నిర్ణయాల్లో సలహా ఇస్తుంటాను. ఏ కంపెనీకి వెళ్లినా మొదట కింది ఉద్యోగులను కూర్చోబెట్టి, "ఆఫీసు లిస్టు కాకుండా మీ జేబులో ఇంకో లిస్టు ఏదైనా ఉందా?" అని అడుగుతాను. ఎప్పుడూ ఉంటుంది.

ఈమధ్య ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈ మాట చెబితే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంత మంచి ప్రశ్న ఎక్కడ నేర్చుకున్నారు సార్ అని ఒకమ్మాయి అడిగింది. బహ్రెయిన్‌లో అన్నాను. ఎవరి దగ్గర అని ఆమె అడగలేదు. నేనూ బతికిపోయాననుకుని మంచినీళ్లు తాగాను. ఇంటికొచ్చి ఆ నాలుగు మడతల కాగితం తీసి చూసుకుని, ఇది రాయడానికి కూర్చున్నాను.

అబూ యూసుఫ్ ఆ రోజు నన్ను అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. చెప్పారు. ఒకసారి కాదు, రెండుసార్లు. నర్సయ్య గారు నాకు చెప్పారు.